యూరపు బస్సు యాత్రకు పోయే మన పిల్లలతో

(మన సంఘ భవనంలో యువజనుల సమావేశమున చేసిన ప్రసంగము)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. షోలాపూరు స్టేషనులో పార్సిలు గుమాస్తాను. చదువు మెట్రిక్కుతో ఆగిపోయింది. ఇటువంటివాణ్ణి లేవదీసి మాట్లాడమనడానికి కారణం ఒక్కటే. మన పిల్లలలో కొందరు ఈ వేసవిలో యూరపుకు బస్సు యాత్ర పోబోతున్నారు. నేను 2023 మే నెలలో పోయి వచ్చాను. "నీవు పడ్డ గుంటలు చూపితే వాళ్లు తప్పుకొని నడుస్తారు గదా" అన్నారు కార్యదర్శిగారు. గుంటలకేమి, కావలసినన్ని వున్నవి.

నాలుగేళ్లు దాచిన డబ్బు, దానిపైన సహకార సంఘంలో తీసిన అప్పు, రెండూ కలిపి 14 రోజుల యాత్రకు కట్టాను. ఇంటిలో అందరూ పిచ్చి అన్నారు. మా అమ్మ మాత్రం, "ఎప్పుడూ ఊరివాళ్ల మూటలేనా పంపేది, ఒకసారి నీవూ పోయి రా" అన్నది.

మొదట కాగితాల సంగతి. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్విట్జర్లండు మొదలైన 29 దేశాలకు కలిపి షెంగెన్ వీసా అని ఒకటే వీసా ఇస్తారు. ఇంగ్లండు అందులో లేదు. దానికి వేరే వీసా తీసుకోవలె. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు వుంటారో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. నేను పోయినప్పుడు రుసుము 80 యూరోలు. 2024 జూన్ నుండి 90 అయింది. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. అక్కడినుండి తిరిగి బయలుదేరే తేదీకి పైన కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు గడువు మిగిలి వుండాలి. అందులో రెండు ఖాళీ పుటలుండాలి. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య భీమా కావలె. ఆరు నెలల ముందునుండి దరఖాస్తు తీసుకొంటారు. చివరి నెలదాకా కూర్చోకండి. ప్రభుత్వ ఉద్యోగులైతే విదేశానికి పోవడానికి పై అధికారి అనుమతి వేరే పొందాలి. ఆ అర్జీ అన్నిటికంటే ముందు పెట్టండి.

మన ఊరి తెలుగువాళ్లకు ఇంకొక చిక్కు వున్నది. మన ఇండ్లలో ఇంటిపేరు ముందు చెప్పుకొంటాం. ఇక్కడి బడిలో తండ్రి పేరు కూడ చేర్చి వ్రాస్తారు. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలే వుంటవి. ఒకే మనిషి మూడు కాగితాలలో ముగ్గురు మనుషులు! పాస్‌పోర్టులో పేరు ఎట్లా వున్నదో విమానం టిక్కెట్టులో, భీమా పత్రంలో అక్షరం తేడా లేకుండా అట్లాగే వుండాలి. నా టిక్కెట్టులో మా నాన్న పేరు వదిలివేసినారు. దాన్ని దిద్దించడానికి ఒక రోజు సెలవు, ముంబయి రైలు ఛార్జీ ఖర్చయినవి.

2025 అక్టోబరు నుండి సరిహద్దులో ముఖం ఫోటో, వేలిముద్రలు తీసుకొని యంత్రంలో ఎక్కించే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి పోయేవారికి అక్కడ కొంత ఆలస్యం కావచ్చు. విమానం దిగగానే గుంపును వదలి స్నానాల గది వెదుక్కొంటూ పోకండి.

సామాను గురించి మాట్లాడే హక్కు నాకు వున్నదనుకొంటాను. రోజూ పది గంటలు ఇతరుల సామాను తూచేవాణ్ణి గదా. అయినా నా పెట్టె నేనే తప్పు కట్టాను. చక్రాలు లేని పెద్ద సంచీ పట్టుకొని పోయాను. అక్కడ కూలీలు లేరు. హోటలు గదినుండి బస్సు కడుపులోకి, బస్సునుండి మళ్లీ గదికి, మీ పెట్టెను మీరే మోయాలి. రెండేసి రోజులకొక హోటలు. పాత పట్టణాల వీధులు రాళ్లు పరచినవి. చిన్న చక్రాలు ఆ సందులలో ఇరుక్కొంటవి. ఒంటి చేత్తో రెండు మెట్లు ఎక్కించగలిగినంత బరువే కట్టండి. రెండు జతల బూట్లు వద్దు, ఇంటిలో తొడిగి అలవాటైన జత ఒకటి చాలు. మే నెలలో కూడ కొండలమీద మంచు వుంటుంది గనుక ఒక మందపు స్వెట్టరు తప్పదు.

తిండి అంటారా, మన షోలాపూరు కడక్ రొట్టెలు, శేంగా చట్నీ నన్ను కాపాడినవి. ఎండిన జొన్నరొట్టె రెండు వారాలు చెక్కు చెదరదు, బరువూ లేదు. బస్సులో మొదట నవ్వినవాళ్లే అయిదవ రోజున చేయి చాపారు. కాని మాంసంతో చేసినవి, పాలతో చేసినవి ఏవీ అక్కడికి తీసుకొని పోకూడదు. అంటే నెయ్యి, పేడాలు, కోవా అన్నీ నిషేధమే. పచ్చి కరివేపాకు మూట కట్టవద్దు. మొక్కల ఆకులకు కూడ అక్కడ ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ తీసుకొనిపోతే సీసాలో వద్దు. ఎందుకో మా పార్సిలు ఆఫీసుకు వచ్చి వాసన చూస్తే తెలుస్తుంది.

మొదటి హోటలులోనే నా పరువు పోయింది. అక్కడి స్నానాల గదులలో చాలా చోట్ల నేలమీద నీళ్లు పోయే తూము వుండదు. స్నానం తొట్టిలోనే నిలబడి, తెర అంచు తొట్టి లోపలికి వేసుకొని చేయాలి. నేను మన ఇంటిలోవలె హాయిగా స్నానం చేశాను. నీళ్లు గుమ్మం దాటి తివాసీమీదికి పోయినవి. నాతో గది పంచుకొన్న పూనా కుర్రవాడు నిద్రలో లేచి తడిలో కాలు పెట్టి అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తున్నది. ఇద్దరికొక గది అన్నప్పుడు అవతలివాడు ఎవరో మనకు తెలియదు. మొదటి రోజే దీపం ఎప్పుడు ఆర్పాలి, అలారం ఎన్నింటికి అని మాట్లాడుకొంటే మంచిది.

దారిలో మూత్రశాలలకు డబ్బు ఇవ్వాలి. కొన్ని చోట్ల అర యూరో, కొన్ని చోట్ల ఒక యూరో. జేబులో చిల్లర నాణెములుంచుకోండి. మంచినీళ్లకు మాత్రం డబ్బు తగలేయకండి. కుళాయి నీరు తాగవచ్చు. స్విట్జర్లండులో యూరో కాదు, ఫ్రాంకు. చాలా దుకాణాలు యూరో తీసుకొంటాయి గాని చిల్లర ఫ్రాంకులలో ఇస్తారు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసివుంటవి. పారిస్‌లో ఈఫిల్ గోపురం దగ్గర సంతకం చేయమని అట్ట పట్టుకొని వచ్చేవాళ్లకు, దారిలో ఉంగరం దొరికిందనేవాళ్లకు దూరంగా వుండండి. మీ చూపు అట్టమీద వున్నప్పుడు ఇంకొకరి చేయి మీ సంచీలో వుంటుంది. పాస్‌పోర్టు చొక్కా లోపలే వుండాలి, నకలు పెట్టెలో వుండాలి. బండ్లు అక్కడ కుడివైపున పోతవి. రోడ్డు దాటేముందు ఎడమవైపు చూడాలి. ఆపద వస్తే ఏ దేశంలోనైనా 112.

ఇక కాలం సంగతి. ఈ రోజు నేను వచ్చింది ముఖ్యంగా దీనికోసమే. రైల్వేవాణ్ణి, కాలం విలువ నాకొకరు చెప్పాలా అనుకొనేవాణ్ణి. నా వల్లనే పాడయింది.

ఆరవ రోజున ఆమ్‌స్టర్‌డాం దగ్గరనుండి ఉదయం 7.30కు బయలుదేరాం. 11.30కు జర్మనీలో కొలోన్ పట్టణం చేరాం. అక్కడ పెద్ద క్రైస్తవ దేవాలయం వున్నది. 1248లో మొదలుపెట్టి 1880లో ముగించారు. శిఖరాల ఎత్తు 157 మీటర్లు. దాని పక్కనే, ఒక్క మైదానం దాటితే, రైలు స్టేషను! స్టేషను వెనుకనే రైన్ నదిమీద వంతెన, దానిపైన ఆరు పట్టాలు, పక్కన మనుషులు నడిచే దారి. సరిగ్గా ఒంటిగంటకు బస్సు దగ్గర వుండాలని మేనేజరు మూడుసార్లు చెప్పాడు. నేను దేవాలయంలో పది నిమిషాలున్నాను. తరువాత వంతెనమీదికి పోయి నిలబడ్డాను. ఒక రైలు పోకముందే ఇంకొకటి. ఈ ఒక్కటి, ఈ ఒక్కటి అని లెక్కపెడుతూ గడియారం మరిచాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పాను. బస్సు చేరేసరికి 1.40.

ఎవరూ తిట్టలేదు. 44 మంది తలలు తిప్పి చూశారు, అంతే.

మధ్యాహ్నం 3 గంటలకు రైన్ నదిమీద పడవ ప్రయాణం వుండెను. కోబ్లెంజ్, బింగెన్ పట్టణాల మధ్య ఆ లోయ ప్రపంచ వారసత్వ స్థలం; రెండు గట్లమీద ద్రాక్షతోటలు, కొండకొక కోట. మేము రేవు చేరేసరికి 3.20. పడవ పోయింది. తరువాతి పడవ రెండు గంటలకు. దానికి ఆగుదామని అందరూ అడిగారు. డ్రైవరు పోలండు దేశస్థుడు, మంచివాడు. తల అడ్డంగా ఆడించి తన ముందున్న చిన్న యంత్రం చూపాడు.

ఆ యంత్రం సంగతి మీరు తెలుసుకోవాలి. అక్కడ బస్సు డ్రైవరు రోజుకు 9 గంటలు నడపవచ్చు. వారానికి రెండు రోజులు మాత్రం 10. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విశ్రాంతి తప్పదు. 24 గంటలలో 11 గంటలు పూర్తిగా విశ్రమించాలి. అంటే ఉదయం 7.30కు తీసిన బండి రాత్రి 8.30కు హోటలు చేరాలి. వారంలో కొన్ని రోజులు కొంత సడలింపు వున్నది గాని అది మా డ్రైవరుకు అప్పటికే అయిపోయింది. అన్నీ ఆ యంత్రంలో అతని పేరుమీద ఎక్కుతవి. పోలీసులు ఏ దారిలోనైనా ఆపి చూస్తారు. మా రన్నింగు సిబ్బందికి డ్యూటీ గంటల లెక్క వున్నట్లే. మాకు ఇంకా నాలుగు గంటల దారి వున్నది. మొత్తం మిగులు అరగంట. ఆ అరగంటను, దానిపైన ఇంకొక పది నిమిషాలను నేను వంతెనమీద ఖర్చుపెట్టి వచ్చాను.

మా బృందంలో నాశిక్ దగ్గరి ఒక ముసలమ్మ వుండెను. అందరం ఆజీ అనేవాళ్లం. ముప్పయి యేళ్లకు పైగా బడిలో భూగోళం చెప్పి విశ్రాంతి తీసుకొన్నావిడ. రైన్ ఎక్కడ పుడుతుంది, ఎక్కడ సముద్రంలో కలుస్తుందని నల్లబల్లమీద గీసి చెప్పినాననీ, ఆ నీళ్లమీద ఒక్క గంట కూర్చోవాలనీ మొదటి రోజునుండి చెపుతూ వుండేది. ఆమె కొడుకు డబ్బు కట్టి పంపాడు. రేవులో ఆమె కమ్మీ పట్టుకొని కొంచెంసేపు నిలబడింది. నేను దగ్గరికి పోయి, మాట రాక నిలబడ్డాను. ఆమే మరాఠీలో అడిగింది: "రైళ్లు బాగున్నవా, బాళా?" బాళా అంటే మన నాయనా అన్నట్లే. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

దానికి నేనేమి చెప్పానో గుర్తులేదు.

బస్సులో రోజుకొక సీటు మారుస్తారు. ఆ రోజు ఆమెకు కొండవైపు, నాకు నదివైపు వచ్చింది. నా సీటు ఆమెకు ఇచ్చాను. మేనేజరు డ్రైవరుతో మాట్లాడి, పెద్ద రోడ్డు ఎక్కేముందు కొంతదూరం గట్టు వెంబడే పోనిచ్చాడు. ఆమె అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నది. ఇంకొక మాట చెప్పాలి. ఆ లోయలో నదికి రెండు గట్లమీదా రైలు మార్గాలున్నవి. కోటల కిందినుండి, సొరంగాలలోనుండి బండ్లు వస్తూనే వున్నవి. పడవమీద కూర్చుని వుంటే ఆమె నదిని చూసేది, నేను రైళ్లను చూసేవాణ్ణి.

అందుచేత మేనేజరు చెప్పిన వేళకు పది నిమిషాలు ముందే వచ్చి నిలబడండి. ప్రతి చోటా దిగగానే బస్సు ఆగిన స్థలాన్ని, ఎదుటి దుకాణాన్ని ఫోటో తీసుకోండి. మేనేజరు ఫోను నంబరు కాగితంమీద కూడ వ్రాసుకోండి, ఫోను చచ్చిపోవచ్చు. వెనిస్‌లో బస్సు ఊరిలోకి రాదు, ట్రొంకెట్టో అనే చోట దిగి పడవ ఎక్కాలి. అక్కడ గుంపు తప్పితే సందులలో పరుగెత్తకండి, చివర అందరూ కలిసివున్న చోటికే వచ్చి నిలబడండి. రాత్రి ఆలస్యంగా తిరిగి ఉదయం బస్సులో నిద్రపోవడానికి అంత డబ్బు ఎందుకు? పాటలు పాడండి, కాని వెనుక ముసలివాళ్లు కునుకుతీసే వేళ చూసుకోండి. బెల్టు పెట్టుకోండి; అది అక్కడ చట్టం.

రైళ్ల పిచ్చి నాకు అక్కడితో పోలేదు. స్విట్జర్లండులో యుంగ్‌ఫ్రౌ కొండమీదికి 1912లో వేసిన పళ్ల పట్టాల రైలు వున్నది. సొరంగంలోనుండి 3,454 మీటర్ల ఎత్తుకు పోతుంది. ఈసారి ఆజీ పక్కనే కూర్చున్నాను. పైన దిగగానే ఇద్దరికీ తల తిరిగింది. ఆ ఎత్తులో మెల్లగా నడవాలని మాకెవరూ చెప్పలేదు, మీకు చెపుతున్నాను. నీళ్లు తాగి, బెంచీమీద కూర్చుని కడక్ రొట్టె తిన్నాం.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మీరు పెట్టె కట్టి తాళం వేసేముందు ఒకసారి మా ఇంటికి పట్టుకొని రండి. నా దగ్గర వేలాడదీసే చిన్న త్రాసు వున్నది, తూచి చెపుతాను. రొట్టెలు చేసే అమ్మ ఇల్లు కూడ మా సందులోనే.