‘దేర్‌ఫోర్’ – ‘కాబట్టి’



ఆంగ్లమున ‘దేర్‌ఫోర్’ అను మాటకు ‘దానినిబట్టి’ యని యర్థము. మన ‘కాబట్టి’ యందును ‘పట్టు’ అను ధాతువున్నది. ముందు చెప్పిన హేతువును పట్టుకొననిదే పిదప నిర్ణయము నిలువదు. గణితమున ఈ మాటకు మూడు చుక్కలు గురుతు; స్విట్జర్లాండు పండితుడగు యోహాన్ రాన్ 1659లో ప్రకటించిన బీజగణితమున దానిని వాడెను.

మన తర్కశాస్త్రమున ఈ పని ‘తస్మాత్’ అను పదము చేయును. అన్నంభట్టు ‘తర్కసంగ్రహము’న చెప్పిన ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను నైదవయవములలో దాని చోటు కడపటిదగు నిగమనము. కొండపై పొగ కనబడినచో అచట నిప్పున్నదనుట చెల్లును. కాని నిప్పున్నచోట నెల్ల పొగ యుండుననరాదు. కొలిమిలో కాగిన యినుపగుండే సాక్షి.

ఈ భేదము బడిపిల్లలకే కాదు, రచ్చబండకును ముఖ్యము. రాత్రివేళ పంట దొంగిలించినవాడు రాత్రి తిరిగియే యుండును. అంతమాత్రమున రాత్రి తిరిగినవాడెల్ల దొంగ యగునా? వంతు నీరు కట్టబోయిన రైతును తిరిగియుండును. ఆ యొక్క ‘కాబట్టి’ తప్పినచో నిరపరాధి తల వంచవలసి వచ్చును. చిఠ్ఠాలో కూడిక తప్పినచో మరల దిద్దవచ్చును. పోయిన పరువును దిద్దుట కష్టము.

కావున ‘కాబట్టి’ యనుటకు ముందు ‘దేనినిబట్టి?’ యని యడుగుట నేర్వవలెను. గ్రంథాలయమున చదివిన చదువునకు అదియే ఫలము.