రేవున బోర్లించిన పడవ



ఈ పూట ఎరువుల సంగతి గాని, పురుగుమందుల సంగతి గాని చెప్పబోవటం లేదు. పడవల సంగతి చెప్పుకుందాం. "పొలం పనుల్లో మునిగివుంటే మాకు పడవల గొడవ ఎందుకయ్యా" అని మీలో కొందరనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఇది మన ఏటి సంగతి. మీ ఊరి రేవున చెట్టుకింద బోర్లించి పెట్టిన పాత పడవ సంగతి కూడాను.

గోదావరిఖని అనే పేరులో ఏరు వున్నది, గని వున్నది. గని సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏటి మీద మాత్రం ఒకప్పుడు సముద్రం నుంచి మధ్యపరగణాల దాకా పడవబాట వేయబోయారని చెబితే పెద్దవాళ్ళే నమ్మరు. కాని అది నిజంగా జరిగిన పని.

ధవళేశ్వరం ఆనకట్ట పేరు మీరు విన్నదే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశారు. కట్టించినవాడు ఆర్థర్ కాటన్ దొర. ఆయనకు పొలాలకు నీళ్ళివ్వటం ఎంత ముఖ్యమో, ఆ నీళ్ళమీద సరుకు నడపటం అంత ముఖ్యం. అందుకే డెల్టా కాలువలు పారుదలకే గాక పడవలకు కూడా పనికివచ్చేటట్టు తవ్వించారు. లెక్క చూడండి: మంచి రోడ్డు మీద ఒక గుర్రం రెండు టన్నుల బండి లాగటమే గొప్ప. అదే గుర్రం కాలువగట్టున నడుస్తూ ముప్ఫై టన్నుల పడవను లాగుతుంది. మన డెల్టాలో మనుషులే భుజాన తాడు వేసుకుని గట్టు వెంబడి లాగేవారు. బస్తాలకు బస్తాల ధాన్యం అట్లాగే నడిచింది.

ఆ దొరకు అంతటితో తృప్తి కలగలేదు. గోదావరి వెంట పైకి వచ్చి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్ళి, వార్ధా నది దాకా పడవలు నడపాలన్నాడు. హింగన్‌ఘాట్ ప్రాంతపు పత్తి నీటిమీదనే సముద్రానికి దిగాలని ఆయన ఆలోచన. 1860లో నైజాం సర్కారుతో చేసుకున్న ఒడంబడికలో గోదావరి మీద పోయే సరుకుకు సుంకం వుండగూడదని రాసుకున్నారు. ఎడమగట్టున సిరొంచ ప్రాంతం ఆ ఒడంబడికతోనే ఇంగ్లీషువారి చేతికి పోయింది. మరుసటి ఏడు అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువయింది. దానితో పని జోరందుకున్నది.

అడ్డంకి ఎక్కడంటే, దారిలో మూడుచోట్ల ఏరు బండల మీదుగా దూకుతుంది. ఒకటి భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. రెండోది ఇచ్చంపల్లి. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ఆ బండలను తప్పించటానికి ఆనకట్ట, పక్కన కాలువ, కాలువలో లాకులు కట్టాలి. ఆ పనులు చూసినవాడు హేగ్ అనే ఇంజనీరు.

లాకు అంటే పెట్టెకు వేసే తాళం కాదు. కాలువ మట్టం మారేచోట రాతితో ఒక గది కడతారు. దానికి ఎగువన జత తలుపులు, దిగువన జత తలుపులు. దిగువ నుంచి వచ్చిన పడవను గదిలోకి రానిచ్చి వెనక తలుపులు మూస్తారు. ఎగువనున్న చిన్న తూములు ఎత్తితే నీరు లోపలికి వస్తుంది. నీటితోపాటు పడవా లేస్తుంది. లోపలి మట్టం, ఎగువ మట్టం సమమైనాక ముందు తలుపులు తీస్తారు, పడవ సాగిపోతుంది. ఇంజను లేదు, కరెంటు లేదు. బాయిలో లిఫ్టు చేసే పని అక్కడ నీరే చేస్తుందన్నమాట.

ఇంత ఆలోచనా ఏమైంది? బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూరు చేరింది. ఇక పత్తి ఏటి కోసం ఎందుకు కాచుకుంటుంది? వానాకాలంలో వరద, ఎండాకాలంలో ఇసుక. రైలుకు ఆ బాధ లేదు. 1871లో పనులు ఆపేశారు. ఓడలు బండ్లవుతాయంటారే, ఇక్కడ అచ్చంగా అదే జరిగింది.

ఇందులో ఒక విచిత్రం వున్నది. పడవబాట ఆగిన ఆ 1871లోనే, ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామ ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు కనిపెట్టాడు. 1889 నుంచి బొగ్గు తీశారు. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. ఆ తరవాత కాజీపేట - బల్లార్షా రైలుబాట పడింది. 1960ల్లో మన రామగుండం వైపు బాయిలు తెరిచేనాటికి బొగ్గు ఎక్కటానికి ఆ బాట సిద్ధంగా వున్నది. ఏరు పక్కనే పారుతున్నా, బొగ్గు ఏనాడూ పడవ మొహం చూడలేదు.

దుమ్ముగూడెంలో ఆనాటి ఆనకట్ట, రాతి కట్టడాలు నేటికీ చూడవచ్చు. ధవళేశ్వరంలో కాటన్ పేర మ్యూజియం వున్నది. ఆనకట్ట కట్టినప్పటి పనిముట్లు, నమూనాలు, ఛాయాచిత్రాలు అక్కడ పెట్టారు. పిల్లలను తప్పక తీసుకుపోయి చూపించండి. అయితే నా మట్టుకు ఒక లోటు కనిపిస్తుంది. కట్టించిన దొర సంగతి, ఆనకట్ట సంగతి భద్రంగా వున్నవి. తాడు లాగినవాని సంగతి, గెడ వేసినవాని సంగతి, పడవ చేసిన వడ్రంగి సంగతి ఎక్కడ వున్నవి? మన ఎగువ గోదావరి వైపు అయితే ఆ మాత్రం మ్యూజియం కూడా లేదు.

ఇతర దేశాలవారు ఈ పని ఎట్లా చేశారో చూడండి. ఇంగ్లండులో ఎల్స్‌మియర్ పోర్టు అనే ఊరి పాత రేవులో 1976లో పడవల మ్యూజియం తెరిచారు. శిథిలమైపోతున్న సరుకు పడవలను కాపాడినవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చిన మామూలు జనం. అమెరికాలో సిరక్యూస్ అనే ఊళ్ళో ఈరీ కాలువ మ్యూజియం 1962లో పెట్టారు. దాన్ని పెట్టిన కట్టడం 1850 నాటిది. అది పడవల కాటా! పడవను గదిలోకి తెచ్చి, తలుపులు మూసి, నీరంతా వదిలేస్తే పడవ వచ్చి త్రాసు మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో ఖాళీ పడవ బరువు తీసేసి, సరుకుకు సుంకం కట్టేవారు. బొగ్గు లారీని కాటా మీదికి ఎక్కించేవారికి ఈ లెక్క చిటికెలో అర్థమవుతుంది.

ఇక మన రేవుల సంగతి. కాళేశ్వరం నుంచి సిరొంచకు పోవాలన్నా, ఆవలి ఒడ్డు సంతకు పోవాలన్నా, ఒకప్పుడు పడవే గతి. వంతెనలు వచ్చినవి, మంచిదే. నిండు నెలల మనిషిని వరదలో పడవెక్కించవలసిన కాలం పోయినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. కాని ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, పాత పడవ పలకలు ఊడదీసి పొయ్యిలో పెడుతున్నాం. పలకతో పోయేది కట్టె ఒక్కటే కాదు. ఏ కార్తెలో ఇసుక ఎటు జరుగుతుంది, నీటి అడుగున బండ ఎక్కడ వున్నది, వరద తీసేటప్పుడు సుడి ఎక్కడ లేస్తుంది అన్నది పడవవానికి చేతికి తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర షికారు బోటు మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయినప్పుడు, ఏటి నడక తెలిసినవాని మాట విలువ ఎంతో అందరికీ తెలిసివచ్చింది. యెల్లంపల్లి దగ్గర ఇప్పుడు ఇరవై టీఎంసీల నీరు నిలుస్తుంది. రేపు అక్కడ ఎవరు పడవ వేసినా, నీటికింద మునిగిన పాత రేవు ఎక్కడ వున్నదో చెప్పగలవాడు ఆ ముసలి పడవవాడే.

కాబట్టి, మీ ఊళ్ళో పాత పడవ వుంటే ఇట్లా చేయండి. ఏళ్ళ తరబడి తడిసిన కట్టెను ఒక్కసారిగా ఎండలో పెట్టవద్దు, పగుళ్ళు ఇస్తుంది. నీడపట్టున, గాలి ఆడేచోట మెల్లగా ఆరనివ్వండి. నేలకు ఆనించకుండా కింద దుంగలు వేయండి. లేకుంటే చెద పడుతుంది. అందంగా వుంటుందని రంగులు పూయవద్దు. పాత తారు గీకవద్దు. కదిలించటానికి ముందే నాలుగువైపులా ఫోటో తీయండి. పలకలు విడిపోతే ఒక్కొక్కదానికి అంకె వేసి పెట్టండి. పంచాయతీలో చెప్పండి, బడిలో హెడ్‌మాస్టరుగారికి చెప్పండి. కరీంనగర్‌లో ప్రభుత్వ మ్యూజియం వున్నది, అక్కడికి ఒక కాగితం రాయండి. పడవకు చోటు దొరకటం ఆలస్యం కావచ్చు. వివరాలు రాసుకోవటానికి ఆలస్యం ఎందుకు?

వానలకు ముందు, పని తెరపిగా వున్న రోజుల్లో చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకుని పడవ నడిపిన తాత దగ్గర కూర్చోండి. "తాతా, దీన్ని ఏమంటరే?" అని ఒక్కొక్క భాగం పేరు అడగండి. ఆయన నోట ఎట్లా వస్తే అట్లాగే రాయండి; పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. ఏ కట్టెతో చేశారు, ఎవరు చేశారు, పంట చేతికి వచ్చినప్పుడు ఊరివాళ్ళు గింజలు కొలిచేవారా, రేవు దాటినప్పుడల్లా డబ్బు ఇచ్చేవారా, గొడ్లకు ఎంత, బండికి ఎంత అన్నీ అడగండి. కొలతలు ఆయన మూరల్లో చెబితే మూరల్లోనే రాయండి, మీటర్లలోకి మార్చవద్దు. ఆ మూర ఎవరి చేతి మూర అన్నది కూడా అడిగి పక్కన రాసిపెట్టండి.