మన పాట అందరికీ అందాల
(గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి రెండు మాటలు చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచినారు. బాగా చదవండి అని చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. అందుకని హాస్టల్ వాళ్లం మేము వేరే సంగతి ఎత్తుకుంటాం. కొందరి చదువుకు అడ్డం పడుతున్న ఒక గోడ ఉంది. దాన్ని తీసేసే పని మీ చేతుల్లోనే ఉంది.

మీలో కర్నూలు, నంద్యాల, కడప కాలేజీల్లో కంప్యూటర్లు చదివేవాళ్లు ఉన్నారు. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంటున్నారు. చాలా సంతోషం. మీరు చేసే పేజీ చూపు లేనివాళ్లకు, చెవులు వినపడనివాళ్లకు, చేతులు సరిగా ఆడనివాళ్లకు అందుతోందా? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అంటే నూటికి ఇద్దరికి పైనే. మీ తండాలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మా హాస్టల్‌లో చదివి, ఇప్పుడు డిగ్రీ చేస్తున్న పిల్ల ఒకామె ఉంది. చూపు దాదాపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటుంది. తెర మీద వేలు జరిపితే అక్కడ ఏముందో ఫోన్ పైకి చదువుతుంది. పాఠాలు అట్లే వింటుంది, మాకు మెసేజ్ కూడా అట్లే పెడుతుంది. రెండేళ్ల కిందట వాళ్ల తండా కుర్రోళ్లు ముసలమ్మల పాటలు నోటుబుక్కులో రాసి, ఫోటోలు తీసి, పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టినారు. తండా అంతా చదువుకుని మురిసిపోయింది. ఈ పిల్ల తెరిస్తే ఫోన్ పలికింది ఒకటే మాట, 'చిత్రం'. తర్వాతి పేజీకి పోతే మళ్లీ 'చిత్రం'. అందులో మూడో పాట వాళ్ల అవ్వ పాడింది. ఆ అవ్వ ఇప్పుడు లేదు.

ఆ కుర్రోళ్లు ఎవరినీ దూరం పెట్టాలని చేయలేదు. ఇట్లా అవుతుందని వాళ్లకు తెలియదు. మా పిల్లలు రెండు ఆదివారాలు కూర్చుని ఆ పాటలన్నీ ఫోన్‌లో టైపు చేసినారు. ఇప్పుడు ఆ పిల్ల వింటుంది. మన గోర్ బోలీకి సొంత లిపి లేకపోయినా, తెలుగు అక్షరాల్లో రాస్తే ఫోన్ చదువుతుంది. యాస కాస్త తేడాగా ఉన్నా పాట అర్థమవుతుంది.

ఎందుకిట్లా? ఫోటోలో మన కంటికి అక్షరం కనపడుతుంది గానీ, కంప్యూటర్‌కు అది రంగు చుక్కల గుంపు. టైపు చేసిన 'క'కు మాత్రం ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్ల ఒప్పందమే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో పైకి తెలుగు కనపడినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లు. వాటిని ఫోన్ అర్థంలేని ముక్కలుగా చదువుతుంది. పెళ్లిపత్రిక అచ్చుకు అవి చెల్లుతాయి గానీ వెబ్‌సైటుకు చెల్లవు.

కడపలో బ్రౌన్ గ్రంథాలయం చూసే ఉంటారు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతులు సేకరించి, కాగితం మీదికి ఎత్తించినాడు. ఆయన నిఘంటువు ఈరోజు చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో మాట కొట్టి వెతుక్కునేట్టు ఉంది. అక్షరాలుగా ఎక్కించినారు కాబట్టే అది కుదిరింది. మన పాటలకు ఆ పని మనమే చేసుకోవాల.

ఇక మీరు నేర్చుకోవాల్సినవి ఐదు చెప్తాం.

ఒకటి, ఫోటోకు మాట. వెబ్ పేజీలో ప్రతి ఫోటోకు ఆల్ట్ టెక్స్ట్ అని ఒక చోటు ఉంటుంది. అక్కడ ఊరికే 'ఫోటో' అని రాయొద్దు. 'తీజ్ పండుగలో అద్దాల కాంచళి తొడుక్కున్న ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకుని పోతున్నారు' అని రాయండి.

రెండు, శీర్షికలు. అక్షరాలు లావు చేస్తే శీర్షిక కాదు. హెచ్1, హెచ్2 ట్యాగులు పెట్టండి. చూపు లేనివాళ్లు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతూ కావలసింది వెతుక్కుంటారు.

మూడు, ఫారాలు. గడి పక్కన పేరు కనపడితే చాలదు, లేబుల్ ట్యాగుతో ఆ గడికి కలపాల. మేము చెప్పిన పిల్ల ఒక దరఖాస్తు నింపబోతే, ప్రతి గడి దగ్గరా ఫోన్ 'ఎడిట్ బాక్స్' అంటుందే గానీ అక్కడ ఏం రాయాలో చెప్పదు. చివరికి నెట్ సెంటర్‌లో ముక్కూమొహం తెలియని మనిషికి బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ చెప్పాల్సి వచ్చింది.

నాలుగు, మౌస్ పక్కన పెట్టండి. ట్యాబ్, ఎంటర్ మీటలతోనే మీ పేజీ అంతా తిరిగి చూడండి. ఎక్కడ ఆగిపోతారో, చేతులు ఆడనివాళ్లూ అక్కడే ఆగిపోతారు.

ఐదు, రంగులు, వీడియోలు. బూడిద రంగు మీద బూడిద అక్షరాలు వద్దు. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాల. దాన్ని కొలిచే ఉచిత పరికరాలు నెట్‌లో ఉన్నాయి. వీడియోలో మాట్లాడేది కింద అక్షరాల్లో వేయండి.

ఇవి మేము పుట్టించిన నియమాలు కావు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లోనే డబ్ల్యూసీఏజీ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 2.2 కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందాలని చెప్తుంది. ముఖం కాలిన యాసిడ్ బాధితులు, చూపు లేనివాళ్లు బ్యాంకుల ఆన్‌లైన్ కేవైసీ చేసుకోలేకపోతున్నారని కేసు వేస్తే, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కాబట్టి మీరు చేసేది దయతో చేసే పని అనుకోవద్దు. అది వాళ్ల హక్కు.

నేర్చుకోవడానికి డబ్బు అడ్డం కాదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ కంప్యూటర్‌లో ఉచితంగా వేసుకోవచ్చు. 2006లో దాన్ని మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో చూపు లేని కుర్రవాడు మైకేల్ కరన్. తర్వాత చూపు లేని ఇంకో కుర్రవాడు జేమ్స్ టే ఆయనతో కలిసినాడు. వాళ్ల అవసరానికి వాళ్లే చేసుకున్న పరికరం అది. మన రాష్ట్రంలో మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ మీకు తెలుసు. ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకెక్కి, పాఠాలు ఆడియోలో విని, అమెరికాలో ఎంఐటీ దాకా పోయినాడు. పాఠం చెవికి అందితే పిల్లలు ఎంత దూరం పోతారో ఆయన చూపించినాడు.

పల్లె నుంచి వచ్చినామని వెనకాడొద్దు. దారి లేని ఊళ్లో దరఖాస్తు కోసం తిరిగినవాళ్లు మన అమ్మానాన్నలు. అందకపోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఈ పని బాగా నేర్చినవాళ్లకు కంపెనీల్లో ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

మేము అడిగేది ఒకటే. ఈ సంఘం సంచికకు మీ అవ్వ పాట, మీ తాత కథ పంపేటప్పుడు ఫోటో ఒక్కటే పంపొద్దు. యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. పంపేముందు ఫోన్ సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక్కసారి వినండి. మీ తండాలో చూపు లేని అన్నో అక్కో ఉంటే వాళ్లకు వినిపించి, ఎక్కడ ఆగిందో అడగండి. వాళ్లు చెప్పినట్టు దిద్దండి. టైపు రానివాళ్లు ఆదివారం మా హాస్టల్‌కు రండి. మా పిల్లలు నేర్పుతారు.

సెలవు.