మాంక్ పాత్ర: బలం ఎక్కడ, వాడకం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాంక్ కవచం తొడగని యోధుడు. డాలు కూడా పట్టడు. మరి అతన్ని కాపాడేదేమిటి? చురుకుదనం, వివేకం. ఈ రెండు గుణాలే అతని కవచం. అందుకే పాత్రను తయారుచేసేటప్పుడు పెద్ద అంకె చురుకుదనానికి, ఆ తర్వాతిది వివేకానికి వేయాలి. మూడోది దేహదారుఢ్యానికి. కండబలం తక్కువైనా ఫరవాలేదు. మాంక్ పిడిగుద్దు కూడా చురుకుదనం మీదే నడుస్తుంది.

రెండో స్థాయిలో ‘కీ’ శక్తి వస్తుంది. 2024 నిబంధనల్లో దీని పేరు ఫోకస్. మొదట్లో ఇది చాలా కొద్దిగానే ఉంటుంది, ఇట్టే అయిపోతుంది. కాసేపు విశ్రాంతి తీసుకుంటే తిరిగొస్తుంది కనుక మరీ పిసినారితనమూ అక్కర్లేదు.

ఐదో స్థాయిలో అసలు అస్త్రం అందుతుంది. అది ఈ కీ శక్తితో శత్రువుకు దిమ్మతిరిగేలా కొట్టే దెబ్బ. కొండలాంటి రాక్షసుడి మీద వాడితే చాలాసార్లు వృథాయే. వాడి దేహదారుఢ్యం దాన్ని తట్టుకుంటుంది. వెనక నిలబడి మంత్రాలు వేసే బక్కపలచని మాంత్రికుడి మీద వాడాలి. మాంక్‌కు పరుగు ఉంది. శత్రువుల ముందువరుసను చుట్టి మాంత్రికుణ్ణి చేరుకోగలడు. చురుకుదనం, వివేకం, పరుగు: మాంక్ ఆస్తి ఈ మూడే. ఒకేచోట నిలబడి దెబ్బలు కాచుకునే పని ఫైటర్ పాత్రకు వదిలేయాలి.