ప్రార్థన వినబడలేదు అనిపించినప్పుడు

(రోగుల బంధువులకు ఉదయ ప్రార్థన వేళ చేసిన ప్రసంగం)

రాత్రంతా వరండాలో చాపల మీద పడుకుని లేచి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

కొన్నేళ్ళ కిందట కిడ్నీలు పాడైన ఒకాయన మా వార్డులో ఉండేవాడు. భార్య మూడు వారాలు మంచం పక్కనే ఉంది. ఉపవాసముంది, మోకాళ్ళ మీద ప్రార్థించింది. ఆయన దక్కలేదు. ఇంటికి తీసుకెళ్ళే బండి కోసం ఎదురుచూస్తూ ఆమె నన్ను అడిగింది, "సిస్టర్, నా విశ్వాసం చాలలేదా?" అని. ఎవరో బంధువు ఆ మాట అన్నారట. నాకు నోట మాట రాలేదు. టీ తెప్పించి పక్కన కూర్చున్నాను, అంతే. ఆ తరువాత చాలా రోజులు నాకూ ప్రార్థన సాగలేదు. నర్సమ్మకు చావు అలవాటే అనుకుంటారు. అలవాటు కాదు.

అప్పుడు నాకు నెల్లూరు మిషను సంగతి మాటిమాటికీ గుర్తుకొచ్చేది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1840లో నెల్లూరు వచ్చారు. ఏళ్ళు గడిచినా ప్రభువును నమ్మినవారు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ పని మూసేద్దామా అని చర్చించారు. ఆ ఏడే డేగారు ఆరోగ్యం చెడి తిరిగి వెళ్ళిపోయారు. 1854 జనవరి 1న తోటి మిషనరీ జ్యువెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ దొరగారు వచ్చి ఒంగోలులో స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు! 1876-78 కరువు దాటాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సండే స్కూల్లో మాకు ఈ చివరి సంగతే గట్టిగా చెప్పేవారు. నా మనసు మాత్రం డేగారి దగ్గరే ఆగుతుంది. ఆయన 1871లోనే కన్నుమూశారు. తన పని పండడం చూడలేదు.

ఓర్చుకుంటే అన్నీ సవ్యమవుతాయని చెప్పడానికి ఈ కథ ఎత్తలేదు. కొందరికి కావు, వార్డులో రోజూ చూస్తున్నాను. వాగ్దానఫలం చూడకుండా చనిపోయినవారిని కూడా హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసుల లెక్కలోనే చేర్చింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవారిదీ కాదన్నారు యేసుప్రభువు. జబ్బు తగ్గలేదని మీ భక్తికి మార్కులు వేసే అధికారం ఏ బంధువుకూ లేదు.

ఇంకొక మాట. మందు మానేస్తేనే నమ్మకమున్నట్టు అని ఎవరైనా అంటే వినకండి. ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. దగ్గు తగ్గింది కదా అని టీబీ మాత్రలు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా. పోయిన నెలలో ఒకమ్మ కొడుకు కోసం ఉపవాసముండి, షుగరు మాత్ర మాత్రం వేసుకుని, మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకూ ఒక మంచం ఇవ్వాల్సి వచ్చింది. షుగరున్నవారు ఉపవాసానికి ముందు డాక్టరుగారిని అడగండి. దేవుడేమీ అనుకోడు.

మనసు బరువై నిద్రపట్టనివారు, ఏ మతంవారైనా సరే, రాత్రి డ్యూటీ రూము తలుపు తట్టండి. ప్రార్థన కావాలంటే చేస్తాం, వద్దంటే ఊరికే కూర్చుంటాం. ఫ్లాస్కులో టీ ఉంటుంది.