ఆదివారపు తరగతిలో రాజనీతి

హైదరాబాదులో జూబిలీ హిల్స్ అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేవి సినిమా తారల భవనాలు. ఆ కొండల మీదనే ఫిల్మ్ నగర్ ఉన్నది. స్టూడియోలు, నిర్మాతల కార్యాలయాలు, కూర్పు గదులు అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి. కొండ దిగివస్తే కృష్ణానగర్. వేషం కొరకు, పని కొరకు ఎదురుచూచేవారు అక్కడి ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముంటారు. ఈ పేర్లన్నీ తెలిసినవారిలో చాలమందికి అదే జూబిలీ హిల్స్‌లో ఒక విశ్వవిద్యాలయం ఉన్నదని తెలియదు.

అది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమనే పేరుతో ఏర్పడినది. భారతదేశంలో ఈ తరహా విశ్వవిద్యాలయాలలో ఇదే మొట్టమొదటిది. 1991లో దీనికి అంబేద్కర్ పేరు పెట్టినారు. ప్రథమ ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డిగారు ప్రజాపాలనా శాస్త్రంలో పండితులు; పంచాయతీరాజ్ వ్యవస్థను పరిశోధించినవారు. ఇంటర్మీడియెట్ చదవనివారు సైతం అర్హత పరీక్షలో నెగ్గితే బి.ఏ.లో చేరవచ్చునని ఆనాడు ప్రకటించినప్పుడు నవ్వినవారు ఉన్నారు. బడి మానుకొని పనిలో కుదిరినవానికి అది నవ్వులాట కాదు. మూసుకొనిపోయిందనుకొన్న తలుపు తిరిగి తెరుచుకొన్నది. పాఠాలు పుస్తకరూపంలో ఇంటికి వచ్చినవి. కొన్ని ఆకాశవాణి ద్వారా చెవికి చేరినవి. సందేహాలు తీర్చుకొనడానికి సెలవు దినాలలో అధ్యయన కేంద్రాలలో తరగతులు ఉండేవి.

అట్టి ఆదివారపు తరగతులలో రాజనీతిశాస్త్రం చెప్పే అవకాశం మాకు కొన్నేండ్లు లభించినది. మొదటినాడు ప్రతి సంవత్సరమూ ఒకే ప్రశ్న వేసేవారము: “ఈ శాస్త్రమునే ఎందుకు ఎన్నుకొన్నారు?” ఎక్కువమంది చెప్పే సమాధానం, “ఇందులో లెక్కలు లేవు కదండీ!” కొందరు గ్రూపు పరీక్షలకు పనికివస్తుందనేవారు. ఒకాయన, “రోజూ పేపరు చదివేవానికి ఇది వచ్చినట్లే గదా సార్” అన్నారు. సులభమైన చదువనే పేరు రాజనీతిశాస్త్రానికి పెద్ద శత్రువు. సులభమని వచ్చినవారు పరీక్షకు పది రోజుల ముందు కోఠీకి పోయి గైడు కొంటారు. సార్వభౌమాధికార లక్షణాలు వ్రాయుమంటే శాశ్వతత్వం, సర్వవ్యాపకత్వం, అవిభాజ్యత అని వరుస తప్పకుండా వ్రాస్తారు. ఆ మాటలకు, తాము ఓటు వేసి వచ్చిన పోలింగు కేంద్రానికి ఏమి సంబంధమో వారికి తోచదు. మార్కులు మాత్రం వస్తాయి, అదే చిక్కు.

అయితే మా తరగతిలో మాకు పాఠం నేర్పినవారు కూడా ఉన్నారు. సినిమా దుస్తులు కుట్టే ఒక అమ్మ ఒకనాడు లేచి, “రాష్ట్రపతి దేశానికంతటికీ పెద్ద అయితే రాష్ట్రానికి గవర్నరు ఎందుకండీ? రాష్ట్రపతి అంటే రాష్ట్రానికి పతి కాదా?” అని అడిగినది. తరగతి గొల్లుమన్నది. మేము నవ్వలేకపోయినాము. ఆమె అడిగినది నిక్కమైన చిక్కు. హిందీలో రాష్ట్రమంటే జాతి, దేశం. మనం రాష్ట్రమనే దానిని వారు రాజ్యమంటారు. తెలుగులో రాజ్యమంటే ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగు అంగాలు గలది. రాష్ట్రపతి, రాజ్యసభ అనే రెండు పదాలను మాత్రం మనము హిందీ అర్థంతోనే తెచ్చుకొన్నాము. రాష్ట్రాల తరఫున కూర్చుండే సభకు రాజ్యసభ అనీ, దేశాధిపతికి రాష్ట్రపతి అనీ పేరు. ఇంగ్లీషులోనో, స్టేట్ అనే ఒక్క మాటే రెండింటికీ చెల్లుతుంది! ఆ గంటసేపు మేము అనుకొన్న పాఠం చెప్పలేదు. నల్లబల్ల మీద ఈ మాటలే వ్రాసుకొని విడదీసినాము.

మాతృభాషలో శాస్త్రం చెప్పడమంటే ఇదే పని. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య ప్రారంభించినప్పుడు పుస్తకాల కొరకు, పదాల కొరకు ప్రత్యేకంగా అనువాద శాఖనే పెట్టుకొనవలసి వచ్చినది. తెలుగులో ఆ భారాన్ని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, తరువాత ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయం మోసినవి. ఈ పుస్తకాలు కొన్నిచోట్ల బరువైన సంస్కృతంతో నిండి ఉన్నవన్న మాట నిజమే. అయినా ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారు, ఇక్కడి విద్యార్థులు కానివారు కూడా, వీటిని వెదకి చదువుతారు.

ఆ అమ్మయే మరొకనాడు రాజ్యాంగంలోని 12వ అధికరణం చదివి ఆశ్చర్యపోయినది. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో రాజ్యమంటే పార్లమెంటు, ప్రభుత్వాలు, శాసనసభలు మాత్రమే కావు. స్థానిక సంస్థలు కూడా అందులో చేరుతాయి. “అయితే మా ఊరి పంచాయతీ కూడా రాజ్యమేనా?” అన్నది. అవునన్నాము. ఆమెకు రాజ్యమంటే అంతవరకు ఢిల్లీ.

ఫిల్మ్ నగర్‌కు దగ్గరగా ఉండి రాజనీతి చెప్పేవారికి ఉదాహరణలు వెదకుకొనే శ్రమ లేదు. ఎన్. టి. రామారావుగారు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినారు. ఆ పార్టీ, ఈ విశ్వవిద్యాలయం ఒకే సంవత్సరం పుట్టినవి. 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిచే ప్రమాణస్వీకారం చేయించినారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావుగారు మరల ముఖ్యమంత్రి అయినారు. ఈ కథ మా విద్యార్థులకు సినిమా కథవలె కంఠస్థం. దానికి 164వ అధికరణాన్ని జతచేసి, మంత్రులు గవర్నరు ఇష్టమున్నంతవరకు పదవిలో ఉంటారని అక్కడ వ్రాసి ఉన్నదనగానే తరగతిలో కలకలం లేచేది. ఆ ఇష్టానికి హద్దు ఏది? మెజారిటీ తేల్చవలసినది రాజభవనంలో కాదు, సభలోనేనని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో చెప్పినది. 1984కు, 1994కు నడుమ 1985లో ఫిరాయింపుల నిషేధ సవరణ వచ్చినది. ఇవి విడివిడిగా మూడు ప్రశ్నలుగా చదివితే మూడు నెలలలో మరచిపోతారు. ఒక మనిషి కథగా చదివినవారు మరచిపోగా మేము చూడలేదు.

2014లో మాత్రం పాఠం చెప్పడం కష్టమైనది. ఒకే బల్ల మీద ఖమ్మం నుండి వచ్చినవారు, భీమవరం నుండి వచ్చినవారు కూర్చునేవారు. విభజన బిల్లును జనవరిలో రాష్ట్ర శాసనసభ తిరస్కరించినది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించినది. జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. “మన సభ కాదన్నా పార్లమెంటు చేయవచ్చునా సార్?” అని ఇద్దరూ అడిగినారు, ఒకరు పొంగుతూ, ఒకరు కుంగుతూ. 3వ అధికరణం తెరచి చూపినాము. శాసనసభ అభిప్రాయం అడగాలి; దానికి కట్టుబడనవసరం లేదు. ఆనాడు ఎవరి ముఖంలోకీ చూడకుండా, పుస్తకంలోకి చూస్తూ ఆ వాక్యం చదివినామని ఒప్పుకొంటున్నాము.

ఆ తరగతిలోనే లైట్ల విభాగంలో పనిచేసే యువకుడు ఒకడుండేవాడు. కాల్‌షీటు తెల్లవారి ఆరింటికి మొదలవుతుంది. సినిమా వారికి ఆదివారమని లేదు. నాలుగు తరగతులలో ఒకదానికి రాగలిగేవాడు. మొదటి ఏడు పరీక్షల సమయానికి అవుట్‌డోరు షూటింగులో ఉండిపోయినాడు. రెండవ ఏడు రాజనీతి పత్రమే తప్పినాడు. మేము ధైర్యం చెప్పబోతే, “గైడు చదివి రాసినా సార్, అందుకే పోయింది” అని అతడే అన్నాడు. ఆ తరువాత కొన్ని నెలలు కనబడలేదు. మానుకొన్నాడనుకొన్నాము, అట్లా మానుకొన్నవారు మా లెక్కలో తక్కువమంది కాదు.

ఒక ఆదివారం తరగతి ముగిసి మేము లేవబోతుండగా వచ్చినాడు. చేతిలో పాఠ్యపుస్తకం లేదు. నలిగిపోయిన చిన్న పుస్తకమొకటి ఉన్నది. తాను సభ్యుడైన కార్మిక సంఘపు నియమావళి. “ఇది మన రాజ్యాంగం లాంటిదే సార్. సర్వసభ్య సమావేశానికి కోరం ఎంతో ఇందులో ఉన్నది. ఎన్నిక ఎన్నేండ్లకు జరగాలో ఉన్నది. సవరించాలంటే ఎంతమంది ఒప్పుకోవాలో కూడా ఉన్నది. మావాళ్ళలో దీన్ని చదివినవాడు ఒక్కడూ లేడు” అన్నాడు. 368వ అధికరణం పక్కన పెట్టుకొని ఆ సవరణ నిబంధనను వాక్యం వాక్యంగా చదివినాము. ఒక నిబంధన వద్ద మాకే సందేహం వచ్చినది. కాపలాదారు వచ్చి దీపాలు ఆర్పవలెనన్నాడు. లైట్ల మనిషి నవ్వి, పుస్తకం చేతబట్టుకొని, మమ్ము వరండాలోకి పిలిచినాడు. అక్కడి దీపం క్రింద మిగిలిన పుటలు చదివినాము.