మొరాయించిన డిస్కులో మన పాల లెక్క

(సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు, పాడి రైతుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆడిట్ అభ్యంతరాల గురించి మాట్లాడమన్నారు. అది నేను ఏటా చెబుతున్నదే, మీరు ఏటా వింటున్నదే. ఈసారి వేరొక సంగతి మనవి చేస్తాను. సంఘం కంప్యూటరులోని హార్డ్ డిస్కు చెడిపోతున్నప్పుడు అందులోని లెక్కను ఎలా రాబట్టుకోవాలి అన్నదే ఆ సంగతి. ఇది మెకానిక్కు చూసుకునే పని, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని మీరు పోసిన పాలు ఆ పూటే లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. మీకు మిగిలేది లెక్క ఒక్కటే. లెక్క పోతే పాలు నేలపాలైనట్లే గదా! కావున ఇది ముమ్మాటికీ మన పనే.

జరిగిన సంగతి

నేను తనిఖీ చేసే ఒక సంఘంలో సుమారు 140 మంది పాలు పోస్తారు. 15 రోజులకు ఒకసారి బిల్లు ఇస్తారు. ఒక పక్షంలో 13వ రోజు ఉదయం అక్కడి కంప్యూటరు మొరాయించింది. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి అరగంట పట్టింది. సభ్యుల ఖాతా అడిగితే చదవలేకపోతున్నానని తెర మీద చూపింది. వారం రోజులుగా అది నెమ్మదిగానే నడుస్తోందట. దుమ్ము పట్టిందనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

క్యాన్లు, చెంబులు పట్టుకుని జనం వరుసలో నిలబడ్డారు. కార్యదర్శి కంగారుపడి అయిదారుసార్లు ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. ఇంతలో ఊళ్ళో కుర్రవాడొకడు వచ్చి, "అంతా చెరిపేసి విండోస్ కొత్తగా వేస్తే గంటలో బాగవుతుంది" అన్నాడు. అతనిది మంచి ఉద్దేశమే. నిజంగానే కంప్యూటరు బాగయ్యేది. అయితే 12 రోజుల పాల లెక్క దానితోపాటు తుడిచిపెట్టుకుపోయేది.

నేను ఆ సమయానికి తనిఖీ కోసం అక్కడికి చేరాను. కంప్యూటరు ఆపించి, కరెంటు తీగ ఊడదీయించాను. పాలు మాత్రం ఆపలేదు. తూకం యంత్రం, వెన్న శాతం చూపే యంత్రం తమ అంకెలు తామే చూపిస్తాయి. ఆ అంకెలను చేతి రిజిస్టరులో రాయించాం. పట్నంలో ఈ పని తెలిసిన మనిషి దగ్గరికి ఆ డిస్కును కార్యదర్శి, పాలకవర్గ సభ్యురాలు కలిసి తీసుకువెళ్ళారు.

డిస్కు లోపల ఏముంటుంది?

హార్డ్ డిస్కులో అద్దంలా నున్నటి పళ్ళేలుంటాయి. సాధారణంగా అవి నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. అక్షరాలు చదివే చిన్న తల వాటి మీద ఆనకుండా తేలుతూ ఉంటుంది. ఆ సందు మన తల వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ. దుమ్ము కణం చొరబడినా, ఎక్కడైనా గీత పడినా ఆ చోటు చదవరాకుండా పోతుంది. చెడ్డ చోటును మళ్ళీ మళ్ళీ చదవబోతే తల అక్కడే తడుముకుంటుంది, గీత పెరగవచ్చు. కంప్యూటరును ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ జరిగేది ఇదే. పొదుగువాపు వచ్చిన గేదె దగ్గరికి ఊళ్ళోని ప్రతివారూ వచ్చి తలా ఒక మందు రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

కావున గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. చెడిపోతున్న డిస్కు మీద ఏ పనీ చేయకూడదు. ముందు దాని నకలు తీయాలి, పనంతా ఆ నకలు మీదే చేయాలి.

పోవడంలో రకాలు

లెక్క పోవడం అన్నిసార్లూ ఒకే విధంగా ఉండదు. కార్యదర్శి పొరపాటున ఒక ఫైలు చెరిపివేశాడనుకోండి. హార్డ్ డిస్కులో అది వెంటనే మాయం కాదు. రిజిస్టరు ముందు పేజీలోని పట్టికలో ఒక పేరు కొట్టివేస్తే లోపలి పేజీ అలాగే ఉంటుంది గదా, ఇదీ అంతే. అయితే ఆ చోటు ఖాళీ అని కంప్యూటరు అనుకుంటుంది, దాని మీద కొత్త సంగతి రాస్తుంది. కనుక అప్పుడు కూడా వెంటనే వాడకం ఆపాలి. పోయిన ఫైళ్ళను వెదికే ప్రోగ్రాములున్నాయి. వాటిని అదే డిస్కులోకి ఎక్కించకూడదు, దొరికిన ఫైళ్ళను అదే డిస్కులో దాచకూడదు.

రెండవది, మన సంఘంలో జరిగినట్లు అక్కడక్కడ చదవరాని చోట్లు ఏర్పడడం. దీనికి నకలు మార్గం ఉంది.

మూడవది, లోపలి నుండి టక్, టక్ అని చప్పుడు రావడం. చాలావరకు ఇది తల దెబ్బతిన్నదని చెప్పే గుర్తు. అట్టి డిస్కును మరొక్కసారి కూడా ఆన్ చేయరాదు. దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలో విప్పి చూసేవారి వద్దకే అది వెళ్ళాలి. అందుకు ఖర్చు ఎక్కువ, ఫలితం ఖాయం కాదు.

కొత్త కంప్యూటర్లలో పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి. అనే డిస్కులు వస్తున్నాయి. వేగంగా పనిచేస్తాయి, చప్పుడు ఉండదు. కాని అవి ఏ ముందస్తు గుర్తూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. పైగా చెరిపిన ఫైళ్ళ చోటును అవి తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి. అందువల్ల వాటిలో చెరిపినది తిరిగి దొరకడం అరుదు.

నకలు ఎలా తీశారు?

పట్నంలో ఆయన మన డిస్కును లినక్స్ ఉన్న వేరొక యంత్రానికి తగిలించాడు. పక్కనే అంతకన్నా పెద్దదైన కొత్త డిస్కు పెట్టాడు. డిడిరెస్క్యూ అనే ప్రోగ్రాము నడిపాడు. అది ఉచితంగా దొరికేదే. దాని తెలివి ఏమిటంటే, మొదట సులువుగా చదవగలిగిన చోట్లన్నీ గబగబా నకలు చేసుకుంటుంది. చెడ్డ చోటు తగిలితే అక్కడ పట్టుబట్టకుండా దాటిపోతుంది. వాటి వద్దకు చివర తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ ఏమి చదివిందో ఒక చీటీ వేరే రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటికి రాదు. తుఫాను వేళ ముందు మంచి గింజలను ఒబ్బిడి చేసుకుని, తడిసినవాటిని తరువాత చూసుకున్నట్లు.

ఒక రాత్రి, మరునాడు సాయంత్రం దాకా అది నడిచింది. డిస్కు దాదాపు అంతా వచ్చింది. రాని కొద్ది చోట్లు మాత్రం సరిగ్గా ఆ పక్షం ఫైలులోనే పడ్డాయి, ఆ ఫైలు తెరుచుకోలేదు. అయితే మన పాల ప్రోగ్రాము 9వ రోజు రాత్రి తనంతట తాను తీసిపెట్టుకున్న నకలు ఒకటి అదే డిస్కులో దొరికింది. సభ్యుల పట్టిక, రేట్ల పట్టిక, దాణా మినహాయింపులు, 9 రోజుల లెక్క చేతికి వచ్చాయి. అది మన అదృష్టమేగాని మన జాగ్రత్త కాదు.

మిగిలిన ఆరు పూటలు

10, 11, 12 తేదీల ఆరు పూటల లెక్క మిగిలిపోయింది. ఇది ఏ యంత్రమూ ఇవ్వలేదు, సభ్యులే ఇచ్చారు. సంఘం ఆవరణలో అందరినీ పిలిచి ఎవరి చీటీలు వారు తెమ్మన్నాం. చాలామంది పారవేశారు. కొందరి చీటీలు పొయ్యి దగ్గర గూట్లో ఉండి వెలిసిపోయాయి. ఈ చీటీ కాగితం వేడికి నల్లబడుతుంది, రోజులు గడిస్తే అక్షరం చెదిరిపోతుంది. ఒక్క గేదె ఉన్న పెద్దావిడ ఒకామె మాత్రం నోటు పుస్తకం తెచ్చింది. "చీటీ మీద అచ్చు నిలవదు బాబూ, అందుకని మనవరాలి చేత పూటపూటా రాయిస్తాను" అన్నది. లీటర్లు, వెన్న శాతం, రూపాయలు అన్నీ అందులో ఉన్నాయి.

చీటీలు లేనివారిని నోటితో చెప్పమన్నాం. వాటిని యూనియన్ ఇచ్చిన పాల రసీదులతో సరిచూశాం. సూత్రం మీకు తెలిసిందే. సభ్యులు పోసిన పాలు, ఊళ్ళో అమ్మినవి, లారీకి ఎక్కించినవి కలిసి తూగాలి. ఉదాహరణకు 412 లీటర్లు పోస్తే, ఊళ్ళో 18 అమ్మితే, యూనియన్‌కు 394 చేరాలి. అయిదు పూటలు కొద్ది తేడాలో తూగాయి. 11వ తేదీ సాయంత్రం మాత్రం సభ్యులు చెప్పినవి రసీదుకన్నా 14 లీటర్లు ఎక్కువ వచ్చాయి. సభలో మాటా మాటా పెరిగింది. కార్యదర్శి మీద అనుమానం కూడా వినిపించింది. అప్పుడు పెద్ద పాడి ఉన్న ఒక రైతు లేచి, "ఆ సాయంత్రం మేము పెళ్ళికి వెళ్ళాం, పాలు పోయలేదు. అలవాటు చొప్పున చెప్పేశాను, క్షమించండి" అన్నాడు. లెక్క తూగింది. ఏ అంకె ఏ ఆధారంతో తిరిగి రాశామో తీర్మానంలో నమోదు చేసి, సంతకాలు తీసుకున్నాం. బిల్లు రెండు రోజులు ఆలస్యమైనా అందరికీ అందింది.

చేయవలసినవి, చేయకూడనివి

కంప్యూటరు అకారణంగా నెమ్మదించినా, ఫైలు తెరవకుండా మొరాయించినా ఆపివేయండి. డిస్కును తనిఖీ చేసి సరిచేయమంటారా అని అదే అడిగినా ఒప్పుకోవద్దు. ఆ మరమ్మతు మంచి డిస్కుకు మేలు చేస్తుందేమోగాని, చావుబతుకుల్లో ఉన్నదానికి కీడు చేస్తుంది. ఫార్మాట్ చేయనివ్వకండి. మూత విప్పనివ్వకండి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మకండి, లోపల చెమ్మ పట్టి ఉన్నది కూడా పోతుంది. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, పాత డిస్కును తప్పక వెనక్కి తెచ్చుకోండి. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లుంటాయి.

ఇంతకూ రాబట్టుకోవడంకన్నా పోనివ్వకపోవడం చవక. రెండు పెన్ డ్రైవులు కొనండి. సాయంత్రం పూట ముగియగానే ఒకరోజు ఒకదానిలో, మరునాడు రెండవదానిలో లెక్క నకలు తీయండి. ఒకటి కార్యదర్శి వద్ద, రెండవది పాలకవర్గ సభ్యుల్లో ఒకరి ఇంట ఉండాలి. కంప్యూటరుకే తగిలించి వదిలేస్తే అది నకలు కాదు, పిడుగు పడితే రెండూ ఒకేసారి పోతాయి. నెలకొకసారి ఆ నకలును వేరొక కంప్యూటరులో తెరిచి చూడండి. తెరిచి చూడని నకలు మూత తీయని కుండ వంటిది, లోపల పాలున్నాయో నీళ్ళున్నాయో తెలియదు. బిల్లు బిల్లుకూ ఖాతా కాగితం మీద అచ్చు తీసి ఫైలు చేయండి.

చివరగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకుముందు ఏడాది అదే సంఘాన్ని తనిఖీ చేసి, కంప్యూటరు లెక్కలు సక్రమంగా ఉన్నవని నేనే రాశాను. నకలు ఎక్కడుందని అడగలేదు. ఇప్పుడు ఏ సంఘానికి వెళ్ళినా నా మొదటి ప్రశ్న అదే. మీరు కూడా సర్వసభ్య సమావేశంలో లేచి మీ కార్యదర్శిని అడగండి. అడగడం తప్పు కాదు, అది మీ పాల లెక్క.